ఎర్నెస్ట్ పెద్దక్షరాలు

నాంపల్లి స్టేషన్లో ఏజెంట్ ఎర్నెస్ట్‌ను ఎవరో రైలు కిందికి తోసేశారు. అతని లాప్‌టాప్ దొరకలేదు.

వారం తిరక్కుండానే లక్డీకాపూల్ ఆఫీసులో చీఫ్ సౌభాగ్య బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"రాబర్ట్ మన సాక్షి. విదేశీ ముఠా గుట్టంతా ఆయన దగ్గరుంది. ఎర్నెస్ట్ పోయిండని ఆయనకింకా తెల్వదు. ఇయ్యాల తను దాక్కున్న చోటు ఎర్నెస్ట్‌కు మెయిల్ చేస్తడు."

"ఆ మెయిల్ పాస్‌వర్డ్ మన దగ్గర లేదు గద మేడమ్?" అన్నాడు ఏజెంట్ విద్యాసాగర్.

"లేదు. కానీ నిన్న ఆబిడ్స్‌ల ఓ సైబర్ కేఫ్ నుంచి ఎవరో తెరిచిన్రు. మీరిద్దరు పోయి పట్టుకోన్రి. కోడ్ వర్డ్ ఉస్మానియా. వినంగనే బయటున్న మనోళ్ళు లోపలికొస్తరు."

రెండో మనిషి మృదుల. ఎర్నెస్ట్ పార్ట్‌నర్, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. సమాధి దగ్గర ఆమె ఏడుస్తుంటే విద్యాసాగర్‌కూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

కేఫ్‌లో విద్యాసాగర్ పెట్టుడు గడ్డంతో ట్రావెల్ ఏజెంటు వేషంలో కూర్చున్నాడు. మూలన మృదుల తన లాప్‌టాప్‌కు కేఫ్ ఇంటర్నెట్ వైరు తగిలించుకుంది.

"వచ్చేటోళ్ళను నేను ట్రేస్ చేస్త. నువ్వు జర తలుపు చూస్కో, సాగర్."

మంచినీళ్ళకని లేచి ఆమె వెనకనుంచి వెళ్తూ అతను ఆగిపోయాడు. లినక్స్ బ్రౌజర్. ఫైల్, ఎడిట్, వ్యూ, మెనూ మొత్తం బొటనవేలంత అక్షరాలు.

చూపు మందగించిన ఎర్నెస్ట్, మెనూల, బటన్ల అక్షరాలు పెద్దవి కావడానికి సొంతంగా ఓ ఫైలు రాసుకున్నాడు. "ఏందిరా, బస్సు బోర్డా?" అని విద్యాసాగర్ ఏడిపిస్తే, "నీక్కూడ నలభై దాటనియ్ రా, గప్పుడు నన్ను యాది చేస్తవ్," అనేవాడు. డిపార్ట్‌మెంట్లో ఇంకెవరి బ్రౌజరూ ఇలా ఉండదు. చనిపోయినవాడు ఆ తెరలోంచి తననే చూస్తున్నట్టు అనిపించి విద్యాసాగర్‌కు నిజంగానే భయం వేసింది.

తెర మీద రాబర్ట్ మెయిల్. దాన్ని ముఠాకు పంపడానికి మృదుల వేలు సెండ్ మీదికి జరుగుతోంది.

"ఉస్మానియా," అంటూ విద్యాసాగర్ వైరు పీకేశాడు.

మెయిల్ పోలేదు. బయటున్నవాళ్ళు లోపలికొచ్చి తలుపులు మూశారు. మృదుల లిప్‌స్టిక్‌లా కనిపించే చిన్న పిస్టల్ తీసింది, ఒక్క క్షణం దాన్నే చూసి బల్లమీద పెట్టేసింది.

"పాస్‌వర్డ్ కోసమని, గుంజుకున్న ఆయన లాప్‌టాప్‌లకెల్లి బ్రౌజర్ ప్రొఫైల్, పాస్‌వర్డులు సెట్టింగులు అన్నీ ఉండే ఫోల్డరు, మొత్తం కాపీ చేసుకున్న. గీ అక్షరాలు చిన్నగ చేద్దామని ఎంత కొట్లాడిన. పేజీలల్ల మారినయ్ గని మెనూల మారలే. తెరిచినప్పుడల్ల ఆయన మొఖమే కనవడ్తది."

"సెట్టింగుల్ల ఎంత దేవులాడినా దొరకది. వాడు రాసిన ఫైలు ప్రొఫైల్ల ఉంది, దాంతోనే నీ ఎంటొచ్చింది." అతను పెట్టుడు గడ్డం ఊడదీశాడు. "నిన్ను నమ్మిండు వాడు."

ఆమెను తీసుకుపోయాక విద్యాసాగర్ ఆగిన మెయిల్‌ను చెరిపేసి, వైరు మళ్ళీ తగిలించాడు. ఎక్కడికీ కదలొద్దని, తానే వస్తున్నానని రాబర్ట్‌కు జవాబు రాశాడు. రాసింది సరిచూసుకోవడానికి జేబులో కళ్ళద్దాల కోసం తడుముకున్నాడు. నలభై దాటి రెండేళ్ళయింది. అద్దాలు ఆఫీసులోనే మరిచిపోయాడు. కళ్ళు చికిలించి ఎలాగో చదువుకున్నాడు.

సెండ్ బటన్ మాత్రం బొటనవేలంత అక్షరాలతో శుభ్రంగా కనిపించింది.

"యాది చేసిన తియ్ రా," అని గొణిగి, నొక్కాడు.