మెట్ల కింది గదిలో మాటలు

ఆ మ్యూజియంలో మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. పగలు చూస్తే అందులో భయపడడానికి ఏమీ లేదు. ఒక చెక్క బెంచీ, గోడకి పాత బల్లకట్టు ఫొటో, దాని కింద మీట ఉన్న ఒక పెట్టె. కానీ పొద్దు గుంకాక ఆ గది వైపు వెళ్ళమంటే మాత్రం, ఎంతటి మొనగాడికైనా ఇంటి దగ్గర ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది.

ఎందుకంటే... ఆ గదిలో ఎవరో మాట్లాడుకుంటారు.

ఒకరు కాదు — ఇద్దరు.

మొదట విన్నది రిటైరైన లెక్కల మాస్టారు. జీతం భత్యం లేకుండా, ఊరి మీది ప్రేమకొద్దీ ఆ మ్యూజియంలో పనిచేసేవాళ్ళలో ఆయనొకడు. ఒక సాయంత్రం గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళాడు. గొడుగు ఇప్పటికీ అక్కడే ఉంది. మాస్టారు మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత పెయింట్ల కొట్టాయన వంతు. "మా ఆవిడ వద్దంటోంది" అని కబురు పంపాడు. ఆవిడ వద్దందో, ఈయనే జడుసుకున్నాడో ఊరందరికీ తెలుసు.

అలా ఒక్కొక్కరే జారుకోగా, సాయంత్రం డ్యూటీకి చివరికి మిగిలింది నర్సమ్మ ఒక్కతే. పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి నైట్ డ్యూటీలు చేసి, శవాల గది పక్కన కూర్చుని తాపీగా టీ తాగిన మనిషి. ఈ కథ ఆవిడ చెప్పగా విన్నదే. ఆవిడ అబద్ధం చెప్పదు... సూది గుచ్చే ముందు తప్ప.

మ్యూజియం వ్యవహారాలు చూసే లాయరుగారు ఆ వారంలోనే తేల్చి చెప్పేశారు. "మనుషులే రాకపోతే నేనేం చేస్తాను నర్సమ్మా? మీరొక్కరూ ఎన్నాళ్ళని లాక్కొస్తారు? ఆదివారం దాకా చూద్దాం. ఆ తర్వాత తాళమే."

ఆ మాట నర్సమ్మ గుండెల్లో గుచ్చుకుంది. పెళ్ళీ పిల్లలూ అనుకోని మనిషి. రిటైరైన కొత్తలో పొద్దున్నే మెలకువ వచ్చి, లేచి ఏం చెయ్యాలో తోచక మంచం మీదే కూర్చుండిపోయేది. వెళ్ళి మ్యూజియం తలుపులు తియ్యాలన్న పని ఒకటి దొరికాకే ఆమె మళ్ళీ మనిషయింది. ఇప్పుడు ఆ తలుపులే మూసేస్తారట, ఎవరో దెయ్యాన్ని విన్నారని!

"దెయ్యమో గియ్యమో... ఇవాళ దాని సంగతో నా సంగతో తేలాలి" అనుకుందావిడ.

ఆ గదిలోని పెట్టె గురించి కాస్త చెప్పాలి. వంతెన కట్టకముందు ఊరివాళ్ళని ఏరు దాటించిన బల్లకట్టు తాత గొంతు అందులో ఉంది. మీట నొక్కితే మాట్లాడతాడు. మ్యూజియం ఊడ్చే మనిషిని అందరూ పిన్ని అంటారు, ఆవిడ మొగుడే ఆ తాత. పోయినేడు నర్సమ్మే ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి, రికార్డు చేయించింది. "మధ్యలో నా సొద ఎందుకు, తాత మాటలే ఉంచండి" అని తన ప్రశ్నలన్నీ తీయించేసింది. తీసినవాడు గొంతు తీశాడు గానీ, ఆ ఖాళీలు అలాగే వదిలేశాడు. దాంతో తాత ఒక మాట చెప్పి ఊరుకుంటాడు. కాసేపాగి ఇంకో మాట చెబుతాడు. వినేవాళ్ళు పెట్టె పాడైందనుకుని మధ్యలోనే లేచిపోయేవారు.

వానాకాలంలో తాత పోయాడు. పిన్ని అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఆ తర్వాత మరీ మూగదైపోయింది. వెలుగుండగానే ఊడ్చేసి, వెనక గుమ్మానికి తాళం వేసి, ఎవరికీ చెప్పకుండానే వెళ్ళిపోయేది.

ఆ సాయంత్రం నర్సమ్మ లైట్లన్నీ ఆర్పేసింది. మెట్ల కింది గదికి వెళ్ళి పెట్టె ప్లగ్గు తన చేత్తోనే పీకేసింది. రోజూ పీకేదే — కానీ ఈ మధ్య పొద్దున్నే వచ్చి చూస్తే ఒక్కోసారి అది పెట్టి ఉంటోంది. ఆ సంగతి భయపడతారని ఎవరికీ చెప్పలేదు. గది తలుపు మూసి, ముందు గుమ్మం లోపల గడియపెట్టి, చెప్పులు విప్పి, టికెట్ల బల్ల వెనక చీకట్లో కూర్చుంది.

చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో ఎలుక ఒకటి గీకింది. బయట వీధిలో ఎవరో సైకిల్ మీద ఈల వేసుకుంటూ పోయారు. నర్సమ్మకి కునుకు పట్టబోయింది.

అప్పుడు...

ఎవరో దగ్గారు. మగ దగ్గు.

నర్సమ్మ లేచింది. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చి, గది తలుపుకి చెవి ఆనించింది.

"చలిగా ఉందా అక్కడ?" అని ఒక ఆడగొంతు. మెల్లిగా... గుసగుసగా.

"చలా? అలవాటైపోయింది."

నర్సమ్మ గుండె గుభేలుమంది. ఆ రెండో గొంతు బల్లకట్టు తాతది!

పెట్టె, పెట్టె మాట్లాడుతోంది — అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కానీ ప్లగ్గు పీకేసింది తనే కదా. పోనీ ఎవరో పెట్టారనుకున్నా, ఆ పెట్టెలో ఆడగొంతు లేదే! తాత మాటలు తనకి తెలిసినవే, కానీ ఈ ప్రశ్నలు తనడిగినవి కావు. తెల్లవారుజామున బల్లకట్టు లాగేటప్పుడు చలి వేసేది కాదా అని అడిగింది తను. ఈవిడెవరో అడుగుతున్నది... ఇప్పటి చలి గురించి.

"ఒక్కడివే ఉన్నావా?"

"ఒక్కణ్ణే. ఇంకెవరుంటారు?"

ఆడమనిషి నవ్వింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల నవ్వులా ఉంది, సిగ్గుసిగ్గుగా. ఆ మ్యూజియంలో అలా నవ్వే మనిషిని నర్సమ్మ ఎరగదు.

"నిజం చెప్పు... ఎక్కడున్నావయ్యా ఇప్పుడు?"

కొంచెంసేపు ఏ అలికిడీ లేదు.

"ఎక్కడికి పోతాను? ఏటి గట్టునే ఉన్నా."

ఒళ్ళు జల్లుమంది. పరుగెత్తి పారిపోదామనుకుంది, అదీ నిజమే. కానీ పారిపోతే? ఆదివారం తాళం. సోమవారం పొద్దున్న మళ్ళీ ఆ మంచం, ఆ గోడలు... గుండె దిటవు చేసుకుని, తలుపు ఒక్క తోపు తోసి టార్చి వేసింది.

కింద, చీపురు పక్కన పెట్టుకుని, పెట్టెకి చెంప ఆనించుకుని... పిన్ని.

"పిన్నీ! నువ్వా!"

పిన్ని పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సమ్మ కాళ్ళ మీద పడబోయింది. "లాయరుగారితో చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా. పనిలోంచి తీసేస్తారు. వెనక గుమ్మంలోంచి వస్తున్నా... ఏమీ ముట్టుకోను, దీన్ని తప్ప."

నర్సమ్మ బెంచీ మీద కూలబడింది. "ఊరంతా దెయ్యమని హడలి చస్తున్నారే! ఆయన గొంతు వినాలనుంటే పగలే వినొచ్చు కదా?"

"పగలు అందరి ముందూ మొగుణ్ణి ఏం అడుగుతానమ్మా?"

ఎన్నడూ మాట్లాడని పిన్ని అప్పుడు మాట్లాడింది. "నీకు చెప్పినన్ని మాటలు ఆయన నాకెన్నడూ చెప్పలేదు. వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. మొదట్లో ఇది విన్నప్పుడు నీ మీద కోపమొచ్చింది. తర్వాత తెలిసింది... నువ్వడిగావు, చెప్పాడు. నేనే అడగలేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నా. అడిగినదానికల్లా జవాబు చెబుతున్నాడమ్మా! తనంతట తను ఒక్క మాట అడిగింది మాత్రం లేదు... బతికుండగా లేదు, ఇందులోనూ లేదు."

నర్సమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంతోమంది చావులు చూసిన మనిషి, పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి పట్టుకునే ఆలోచించింది కూడా.

"పిన్నీ, రేపట్నుంచి నువ్వు పగలే ఇక్కడ కూర్చో. ఆ ఖాళీల్లో ప్రశ్నలు నువ్వే అడుగు. జనం వింటారు. నీ ఇంటి సంగతులేం అడగక్కర్లేదు, ఏటి సంగతులే అడుగు. లాయరుగారితో నేను మాట్లాడతా. దెయ్యమెవరో తెలిస్తే మాస్టారు గొడుగు కోసమైనా వస్తాడు."

పిన్ని మళ్ళీ ఆ పడుచునవ్వు నవ్వింది. చీపురు తీసుకుని వెనక గుమ్మం వైపు నడిచింది.

నర్సమ్మ మీట ఆపింది. అలవాటు ప్రకారం ప్లగ్గు పీకి, వైరు చేతికి చుట్టసాగింది. మ్యూజియం నిలబడుతుంది. గుండెల మీంచి బరువు దిగిపోయింది. తన భయానికి తనకే నవ్వొచ్చింది.

వైరు ఇంకా చేతిలోనే ఉంది...

"ఏమే... రేపు వస్తావా?" అన్నాడు తాత.

నర్సమ్మ చేతిలో వైరు జారిపోయింది. అవతల చీకట్లోంచి, వెనక్కైనా తిరక్కుండా, రోజూ చెప్పే మాటే చెబుతున్నట్టు పిన్ని అంది —

"వస్తాలే."