తలకిందులైతే తొయ్యాలి

కళ్లజోళ్ల షాపు నడుపుతున్నా నాకు కళ్లు కనపడవని మా రిమోట్ విమానాల క్లబ్బులో ప్రచారం చేసిన ఘనత ఆ పళ్ల డాక్టరమ్మది.

మొదటిరోజు నా రిమోట్ విమానం నా మొహం మీదకే వస్తోంది. కంగారుగా కుడికి తిప్పాను. అది నా ఎడమకి పోయి ఆవిడ స్కూటర్‌ని గుద్దుకుని రెండు ముక్కలైంది.

"ఎదురుగా వచ్చే విమానానికి కుడి అంటే మీకు ఎడమ. ఆమాత్రం తెలీకుండా రిమోట్ ఎవరిచ్చారు మీకు?"

"సారీ అండీ, అదీ..."

"నోరు మూసుకుని ముక్కలేరుకోండి."

పొద్దంతా క్లినిక్‌లో నోరు తెరవండి, తెరవండి అని జనాన్ని బతిమాలే మనిషి కదా. సాయంత్రం ఆ కసంతా నా మీద తీర్చుకుంది.

విన్యాసాలు నేర్పమని ఆవిడ్నే అడిగాను. సిగ్గులేని జన్మ! క్లబ్ సెక్రటరీ వాళ్ల నాన్నే. మడతకుర్చీలోంచి బైనాక్యులర్స్ దించి, "మా అమ్మాయి దగ్గరా? ఇన్సూరెన్స్ ఉందా బాబూ?" అన్నాడు.

నేను లూప్ కొడితే గుండ్రంగా రాక కోడిగుడ్డులా వచ్చేది. రోల్ చేస్తే, "అది రోలా? నిద్రలో పక్కమీద దొర్లినట్టుంది" అనేది. అన్నిటికంటే కష్టం విమానాన్ని వెల్లకిలా నడపడం. మామూలుగా రిమోట్ మీది స్టిక్ వెనక్కి లాగితే విమానం పైకి లేస్తుంది. వెల్లకిలా ఉన్నప్పుడు లాగితే నేరుగా నేలలోకే.

"తలకిందులైతే తొయ్యాలి. లాగకూడదు. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది."

నేను లాగాను. వాన పడిన నేలలో రెండో విమానం ముక్కుదాకా దిగబడింది.

"ముల్లంగి నాటారా?" అంది.

అంతలో మళ్లీ చినుకులు మొదలయ్యాయి. ఆవిడ గొడుగు తెరిచి నా రిమోట్ మీద పట్టింది. "ఇది తడిస్తే పాడవుతుంది. మీరెలాగూ పాడైపోయారు." ఆ గొడుగులో నా భుజం సగం పట్టింది. ఆ సగానికే మురిసిపోయాను. ఇంతకంటే వెర్రితనం ఉంటుందా?

"ఇంకోసారి నేలలో దించారంటే ఈ గ్రౌండ్‌లో అడుగుపెట్టొద్దు" అంది.

"ఆ రూలు నాకొక్కడికేనా?"

"ఎవరు కూల్చినా అంతే. నాన్నా, విన్నావుగా?"

"విన్నానమ్మా."

గ్రౌండ్ పోతే పోనీ, మహా గొప్ప గ్రౌండ్! కానీ ఆ తిట్లు లేకుండా నా సాయంత్రాలు ఎలా గడుస్తాయి? ఆవిడంటే ఇష్టం పుట్టిందని అప్పుడే తెలిసింది. ఇక షాపులో కూడా తొయ్యి, తొయ్యి అని గొణుక్కోవడమే పని. ఒక పెద్దావిడ కళ్లజోడు ముక్కు మీంచి నుదుటికెక్కించి తిట్లు తిన్నాను.

ఆదివారం మూడో విమానం ఎగరేశాను. తిప్పాను, వెల్లకిలా పడింది. ముక్కు కిందికి వాలింది. చెయ్యి లాగమంటోంది. పళ్లు బిగబట్టి తోశాను. విమానం అలాగే వెల్లకిలా గ్రౌండంతా దాటి, బుద్ధిగా పైకి లేచింది.

సెక్రటరీ గారు చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ మూతి విరిచింది.

"అంత ఎత్తులో ఎవడైనా చేస్తాడు. ఇలా రావాలి." తన ఎర్ర విమానం లేపి, వెల్లకిలా తిప్పి, మోకాలెత్తున మా ముందుకి తెచ్చింది. "నోరు మూసుకుని చూడండి."

ఎప్పుడూ మూసుకునే ఉన్నాను. ఇక నావల్ల కాలేదు.

"ఎదురుగా వస్తే నాకు కుడీ ఎడమా తెలియనిది విమానంతోనే కాదండీ. గేటు దగ్గర్నుంచి మీరు నడిచొస్తున్నా అంతే. మీరంటే నాకిష్టం."

ఆవిడ చెయ్యి స్టిక్‌ని లాగింది.

ఎర్ర విమానం గడ్డిలో ముక్కలై ఆగింది. ఆవిడ రిమోట్ వైపు చూసింది, నావైపు చూసింది, చెవులదాకా ఎర్రబడింది.

"తలకిందులైతే తొయ్యాలి కదమ్మా" అన్నాడు వాళ్ల నాన్న తాపీగా. "రూలు రూలే. రేపట్నుంచి నువ్వు రాకూడదు."

ఆవిడ ముక్కలేరుకుని విసురుగా వెళ్లిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన నా భుజం తట్టాడు.

"దీని చేత తప్పు చేయించిన మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను బాబూ. నాకు నచ్చావు. క్లినిక్ తొమ్మిదింటికి తెరుస్తారు."

మర్నాడు క్లినిక్ కుర్చీలో వెనక్కి వాలి పడుకున్నాను. ఆవిడ మాస్కు కట్టుకుని, పట్టకారు పట్టుకుని వచ్చింది.

"పంటి నొప్పా?"

"లేదండీ."

"మరెందుకొచ్చారు?"

"మీరక్కడికి రాకూడదుగా."

లైటు నా మొహం మీదకి లాగింది. "నోరు తెరవండి."

చెవులదాకా తెరిచాను.

"పళ్లు కాదు, మనిషీ!" అంటూ పట్టకారు పక్కన పెట్టి, మాస్కు కిందికి లాగింది. "నిన్న నా విమానం కూల్చేముందు ఏదో అన్నారే, అది. ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు. మళ్లీ చెప్పండి."