కొట్టనక్కర్లేని బట్ట

“ఓయ్ బొబ్బర్ల కులిబాలీ! నా బట్ట చింపేశావా?”

టెనిన్ కేకకి, రంగుబట్టలు కొట్టి మెరుపు తెచ్చే జుమానా చేతిలోని కొయ్య సుత్తి గాల్లోనే ఆగింది. బమాకో నగరంలో కీతా ఇంటివాళ్లు, కులిబాలీ ఇంటివాళ్లు ఎదురుపడితే ఎగతాళి ఆడుకోవాల్సిందే. బొబ్బర్లు మెక్కుతారని కులిబాలీలను ఏడిపించడం టెనిన్ కీతాకి తాతలనాటి హక్కు. కానీ ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. సొంతంగా రంగు వేయడానికి ఒప్పుకున్న మొదటి పెళ్లిబట్ట అది. పాడైతే మళ్లీ పిన్ని రంగుతొట్టి దగ్గర కూలికే.

“మెరుపు రావాలని రోజూలాగే కొట్టాను కీతా పిల్లా. మడత దగ్గర ఎండుటాకులా విరిగింది.”

“బొబ్బర్ల బలమంతా చూపించి ఉంటావు!”

ఎదురుగా కూర్చుని రెండో సుత్తి పట్టే ముసలి బురామా నవ్వు ఆపుకున్నాడు. జుమానాకి మాత్రం, ఈమె ఇక ఈ షెడ్డు గడప తొక్కదేమోనని బెంగ పట్టుకుంది.

“తిడుదువుగాని, ముందు ఇది చూడు. పైన నీలం, లోపల పోగు తెలుపు.”

ఆమె పోగు లాగి వెలుతురుకి పట్టింది. కోపం మెల్లగా దిగింది.

“ఇది ఇస్త్రీ అక్కర్లేని నూలు. పెళ్లికూతురే ఇచ్చింది. నలగకుండా మిల్లులో ముందే పూత పెట్టేస్తే రంగు లోపలికెలా పోతుంది? పట్టట్లేదని సోడా పెంచి, మళ్లీ మళ్లీ వేడినీళ్లలో ముంచాను. అసలే పూతతో పెళుసెక్కిన నూలు...”

“దాని మీద నా సుత్తి.”

“ఇద్దరం కలిసి చంపాం దీన్ని.”

“పోనీలే. పెళ్లికూతురి భుజాన చిరగలేదు, నా చేతిలో చిరిగింది. అల్లా దయ.”

ఆమె మొదటిసారి అతని వంక తిన్నగా చూసింది.

“పూత లేని నూలుకి ముందు రంగు వేసి, పూత తర్వాత మిల్లులో పెట్టిస్తే?”

“అప్పుడు కూడా సుత్తి తగలనివ్వకు.”

“కొట్టేవాడివి నువ్వే వద్దంటున్నావా? నీ పని పోదూ?”

“పోనీ. నీ బట్ట నిలవాలి.”

అలా చేయించిన కొత్త బట్టతో ఆ పెళ్లికూతురి పెళ్లి జరిగిన మర్నాడు, జోరువానలో టెనిన్ వచ్చింది. బట్ట నలగలేదట, వెలిసిపోలేదట, రాత్రంతా నాట్యమాడినా ఒక్క పోగు తెగలేదట.

“కొట్టడానికేం తెచ్చావు?”

“ఏమీ లేదు.”

చేతిలోని గిన్నె మూత తీసింది. పొగలు కక్కే బొబ్బర్లు.

“కీతా పిల్ల బొబ్బర్లు వండిందా! మీవాళ్లకి తెలిస్తే?”

“అమ్మకి చెప్పే వచ్చాను. జీవితాంతం ఈ వాసన భరించాలిగా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమంది.”

బురామా లేచాడు. “నాకు ఆకలి లేదు,” అని, అంత వానలోనూ బయటికి నడిచాడు.

జుమానా చేతులు కడుక్కొచ్చి గిన్నెకి ఇవతల కూర్చున్నాడు. అల్లాకి, బురామాకి, చిరిగిన ఆ బట్టకి మనసులోనే కృతజ్ఞత చెప్పుకుని, మొదటి ముద్ద ఆమెకి అందించాడు.