పదహారేళ్ళ ఫైలు

ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి లిఫ్టులో రికార్డు క్లర్కును కాల్చి చంపారు. పావుగంటలో ఏజెంట్ డేగ చీఫ్ ఎదుట ఉన్నాడు.

"పదకొండింటికి డ్రగ్ బోర్డు మీటింగ్. నెలలు నిండని పిల్లలకి వారాల తరబడి హెవీ డోస్ స్టెరాయిడ్ ఇచ్చేందుకు ఓ విదేశీ ముఠా పర్మిషన్ కొట్టేయబోతోంది. ఆ మందు వాడిన పిల్లల్ని పదహారేళ్ళు గమనించి రాసిన డేటా ఆ ఆసుపత్రి బేస్‌మెంట్ సర్వర్లో ఉంది. ఊపిరి నిలబడింది. కానీ కొందరికి నడక సరిగ్గా రాలేదు, కొందరికి చిన్నతనంలోనే బీపీ. అది చెరిపేస్తే అడిగే నాథుడుండడు."

"అక్కడ మనవాళ్ళెవరు?"

"ముఠాలో మూడేళ్ళుగా ఉన్న మన ఏజెంటే. కోడ్, 'ఏసీ చల్లబడటం లేదు.'"

డేగ ఏసీ మెకానిక్ వేషంలో, గ్యాస్ సిలిండర్ భుజాన వేసుకుని బేస్‌మెంట్లోకి దిగాడు. సర్వర్ల మధ్య నల్ల సిల్కు గౌనులో ఓ అందగత్తె అటు తిరిగి నిలబడి ఉంది.

"ఏసీ చల్లబడటం లేదు."

ఆ గొంతు విని డేగ కొయ్యబారిపోయాడు. సాక్షాత్తూ భార్య చెల్లెలు! ఎయిర్‌లైన్స్‌లో ఉద్యోగమని ఇంటిల్లిపాదినీ నమ్మించిన మరదలు.

"నువ్వా?"

"నేనే బావా. కదలకు." ఆమె చేతిలో పిస్టల్. వెనక సర్వర్‌కి అంటించిన డేటా ఎరేజర్ మీద ఎర్రంకెలు: నలభై సెకన్లు.

"క్లర్కుని..."

"అడ్డొచ్చాడు."

కంచే చేను మేసిందన్నమాట.

"మా పాప ఇంక్యుబేటర్లో ఉంటే అద్దానికి ముక్కానించి ఏడ్చింది నువ్వు కాదూ?"

"ఆ మందే దాన్ని బతికించింది బావా!"

"కాదనను. పన్నెండేళ్ళకే బీపీ మాత్ర మింగుతోంది. ముందే తెలిస్తే డాక్టరు తక్కువ డోసుతో సరిపెట్టేవాడేమో. రేపటి తల్లులకి ఆ మాటైనా దక్కనివ్వవా?"

ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. పిస్టల్ మాత్రం వణకలేదు. డేగకి గుండెలో గుచ్చుకున్నది అదే.

సిలిండర్ వాల్వ్ తిప్పాడు. గడ్డకట్టించే పొగ ఆమె చేతిని కమ్మేసింది. తూటా గోడకి తగిలింది, పిస్టల్ జారిపోయింది. ఒక్క దూకులో ఎరేజర్ పెరికేశాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

పదకొండింటికి డేటా బోర్డు ముందుంది. పర్మిషన్ ఆగిపోయింది.

బేడీలు వేస్తుంటే, "అక్కకి చెప్పకు బావా," అంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "రిపోర్టులో 'నిందితురాలితో బంధుత్వం' అని ఓ గడి ఉంది. ఏం రాయమంటావోయ్?"

"ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయండి సార్," అన్నాడు డేగ. "ముఠాల్ని చాలా ఎదుర్కొన్నాను. ఆ గడి నింపడానికి మా ఆవిడని ఎదుర్కోవాలి."