టైపు బంగ్లా మీద వాలిన విమానం

నాంపల్లిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్ వెనక గోడను ఆనుకుని ఒక సందు ఉండేది. ఆ సందు చివర టైపు బంగ్లా. పొద్దు గూకాక ఎంత బతిమాలినా ఏ ఆటోవాడూ అటు బండి తిప్పేవాడు కాదు.

ఎందుకంటే... ఆ మేడ మీద ఎవరూ ఉండరు. కానీ టైపు కొట్టే చప్పుడు వస్తుంది.

టక్... టక్... టక టక టక...

మామూలు దెయ్యాలు ఏడుస్తాయి, నవ్వుతాయి, గజ్జెలు మోగిస్తాయి. ఇది మాత్రం టైపు లోయరు పరీక్షకు పిల్లల్ని తయారు చేస్తుంది. శేషారత్నం టీచరు ముప్ఫై ఏళ్ళు అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. కంప్యూటర్లు వచ్చి పిల్లలంతా అమీర్‌పేట దారి పట్టాక, ఖాళీ హాల్లో ఒక మిషను ముందు కూర్చునే ప్రాణం విడిచిందని చెప్పుకునేవారు. చీకట్లో ఆ గోడ పక్కన నడుస్తూ చేతుల వంక చూసుకుంటే చాలు, గణుపుల మీద చెక్క స్కేలు దెబ్బ పడుతుందట. ఒక పాన్‌డబ్బా ఆయన ఆ దెబ్బ తిని మూడు రోజులు ఆకుకు సున్నం రాయలేకపోయాడట.

ఆ రోజుల్లో దెయ్యం భయంతో జనం తలుపుల మీద "రేపు రా" అని రాసుకున్నారు, గుర్తుండే ఉంటుంది. దెయ్యం వస్తుంది, చదువుకుంటుంది, సరేనని వెళ్ళిపోతుంది. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకుంటుంది. అదీ ఏర్పాటు. ఆ సందులోనూ ప్రతి తలుపు మీదా ఇటుక ముక్కతో రాశారు. ఎవరో అతి తెలివిగలాయన టైపు బంగ్లా గేటు మీద కూడా రాసి పెట్టాడు. దెయ్యం లోపలే ఉంటే ఆ మాట ఎవర్ని రమ్మన్నట్టో ఆయన ఆలోచించలేదు.

ఇక ఇజ్రాయేల్ సంగతి.

నలభై రెండేళ్ళ మనిషి. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమస్తా. కుర్రతనంలో ఆ శేషారత్నం టీచరు దగ్గరే టైపు నేర్చుకుని, లోయరు పరీక్ష రెండుసార్లు తప్పాడు, ఆ పైన హయ్యరు ఊసే లేదు. సోమరి కాదు, మొద్దు కాదు. ఒకటే జబ్బు – వేళ్ళు చూసుకుంటాడు. ఎదురుగా ఉన్న కాగితం చూడమంటే చూపు జారి మీటల మీద పడుతుంది. "వేళ్ళు చూడకు ఇజ్రాయేలూ... తలెత్తు," అంటూ, ఎప్పుడూ తలనొప్పి మందు వాసన వేసే టీచరు స్కేలుతో కొట్టేది. మూడోసారి పరీక్షకు అతను వెళ్ళనే లేదు.

ఆ జబ్బు చివరికి ఆకాశందాకా ఎక్కింది.

రిమోటుతో ఎగిరే బొమ్మ విమానాలంటే ఇజ్రాయేల్‌కు పిచ్చి. అప్పటికే రెండు చేశాడు. రెండూ ఒకే తీరుగా పోయాయి. విమానం మన నుంచి దూరంగా వెళ్తున్నంతసేపు దాని కుడి మన కుడే. మన వైపు తిరిగిందా, దాని కుడి మన ఎడమ. సరిగ్గా ఆ క్షణంలో ఏ బొటనవేలు కదపాలో చూసుకుందామని ఇజ్రాయేల్ తల దించుతాడు. మళ్ళీ ఎత్తేసరికి విమానం ముక్కు మట్టిలో ఉంటుంది.

మూడోదాని నక్షా అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య, ఒక పాత విదేశీ పత్రికలో దొరికింది. కింద ఒక రెక్క, పైన ఒక రెక్క. గాలిలో పల్టీలు కొట్టే రకం. ఈకంత తేలికైన బాల్సా చెక్కతో పక్కటెముకలు కోసి, అతికించి, సన్నటి ఎర్ర ప్లాస్టిక్ పొరను భార్య ప్రేమలీల ఇస్త్రీ పెట్టెతో రెక్కల మీద లాగి అంటించాడు. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చునే అన్నం తిన్నారు, బల్ల మీద విమానం ఉంది కాబట్టి. ఆ ఎర్ర పొర ఇస్త్రీ పెట్టెకు అంటుకుని, దాన్నుంచి ప్రేమలీల ఈస్టర్ చీరకు అంటుకున్న రోజున ఆమె కేక వేయలేదు. బైబిలు తెచ్చి ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది మూడోది. ఇది కూడా పడిందంటే ఈ ఇంట్లో మళ్ళీ చెక్క ముక్క కనపడకూడదు. చెయ్యి పెట్టి చెప్పండి."

పెట్టి చెప్పాడు. చెప్పాక వారం రోజులు సరిగా నిద్రపోలేదు. ఇది నేను చేశాను అని చూపించుకోవడానికి ఆ మనిషికి లోకంలో ఇంకేమీ లేదు.

మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం. ఎగ్జిబిషన్ దుకాణాలు ఎత్తేసి గ్రౌండంతా ఖాళీగా ఉంది. పక్కింటి బిచ్చయ్య తన ఆటోలో విమానాన్ని చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. అది లేచింది. ఒక పల్టీ కొట్టింది. బిచ్చయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అప్పుడు విమానం ఇటు తిరిగింది...

ఇజ్రాయేల్ తల దించాడు.

ఎత్తేసరికి అది గోడ దాటిపోయింది. ఇంజను దగ్గి ఆగింది. ఆగిన విమానం గాలిలో అలా అలా జారి, మెల్లగా, కావాలని ఎంచుకున్నట్టుగా టైపు బంగ్లా డాబా మీద వాలింది.

పడమట మబ్బు కమ్ముతోంది. బాల్సా చెక్క రాత్రంతా వానలో తడిస్తే అప్పడమే. మర్నాటిదాకా ఆగే వీల్లేదు.

గేటు దగ్గర బిచ్చయ్య ఆటో ఆపేశాడు. "అన్నా, నేను గీడనే ఉంట. లోపటికైతే రాను. నాకు టైపు రాదు."

ఇజ్రాయేల్ రిమోటు మెడకు తగిలించుకుని ఒక్కడే వెళ్ళాడు. మెట్లెక్కితే హాలు. హాల్లో ఒక నిచ్చెన. నిచ్చెన పైన డాబాలోకి చదరంగా ఒక కంత. హాలు వంక చూడకుండా, ఊపిరి బిగబట్టి ఎక్కేశాడు.

విమానం నిలబడి ఉంది. ఒక్క గీత పడలేదు. అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

తర్వాత కంత వంక చూశాడు. రెండడుగుల కంత. నాలుగడుగుల విమానం. ఒక్క రెక్కదైతే ఏటవాలుగా వంచి జార్చేయొచ్చు. దీనికి పైనొకటి, కిందొకటి... రెక్కలు విప్పితే తప్ప దిగదు. విప్పే స్క్రూడ్రైవరు ఆటోలో ఉంది.

"బిచ్చయ్యా, స్క్రూడ్రైవరు విసురు."

బిచ్చయ్య విసిరాడు. అది డాబాదాకా రాలేదు. హాలు కిటికీలోంచి లోపలికి పోయింది.

ఠంగ్...

నిశ్శబ్దం. తర్వాత—

టక్... టక్...

ఇజ్రాయేల్ కీర్తన అందుకుందామనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది టైపు మొదటి పాఠం. "ఏ ఎస్ డి ఎఫ్... ఏ ఎస్ డి ఎఫ్..." అని గొణుక్కుంటూ నిచ్చెన దిగాడు.

మసక వెలుతురులో వరసగా మిషన్లు, ముసుగులేసుకుని. ఒక్కదానికే ముసుగు లేదు. అందులో ఎప్పటిదో పచ్చబడ్డ కాగితం. మీటల మీద... ఒక పావురం. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తోంది.

టక్... టక్...

అతనికి నవ్వాగలేదు. కిటికీలోంచి తల పెట్టి చెప్పాడు. "పావురం రా బిచ్చయ్యా. ఇన్నేళ్ళూ అందరినీ భయపెట్టింది ఒక పావురం."

"ఔనా అన్నా... మల్ల జల్ది రా."

పావురం అతని చెవి పక్కనుంచి బయటికి ఎగిరిపోయింది. ఇజ్రాయేల్ స్క్రూడ్రైవరు తీసుకుని, ఈల వేసుకుంటూ పైకెక్కి, మొదటి స్క్రూ మీద ఆనించాడు.

కింద హాల్లో—

టక టక టక టక... టింగ్.

ఆగింది. టైపు మిషను వరస చివరికొస్తే గంట కొడుతుంది. దాన్ని మళ్ళీ మొదటికి తేవాలంటే పిడి పట్టుకుని ఒక చెయ్యి తొయ్యాలి. పావురం వల్ల కాదు. అయినా పావురం వెళ్ళిపోయింది కదా...

ర్ర్ర్ర్ర్ర్ర్... ఠక్.

ఎవరో తోశారు.

స్క్రూడ్రైవరు చేతిలోంచి జారి కంతలోంచి హాల్లో పడింది. మళ్ళీ దిగి తెచ్చుకోవాలి. ఇజ్రాయేల్ దిగలేదు.

"బిచ్చయ్యా," అన్నాడు. "ఆటో తీసుకుని గ్రౌండ్‌లోకి పో. లైటు వేసి నిలబడు. విమానాన్ని ఎగిరించే దించుతా."

"నువ్వు దిగుతవా అన్నా, విమానం దిగుతదా?"

"ముందు విమానం."

ఆ మాటకోసమే కాచుకున్నట్టు ఆటో మాయమైంది.

జేబులో ఉన్న చిన్న బ్యాటరీతో ఇంజను ప్లగ్గు వెలిగించి, వేలితో ఫ్యాను తిప్పాడు. రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి అందుకుంది. ఇంధనంలో కలిపిన ఆముదం కాలిన వాసన. ఒక పక్క పిట్టగోడ ఎప్పుడో కూలిపోయింది, అటే వదిలాడు. ముప్ఫై అడుగులు పరిగెత్తి విమానం అంచు దాటి... కిందికి మునిగి... మళ్ళీ పైకి తేలింది.

గ్రౌండ్ మీదుగా చక్కగా పోయింది. ఆ చివర తిరిగింది. ఇటు వస్తోంది. కుడి ఎడమయ్యే క్షణం వచ్చింది.

తల దిగబోయింది—

ఫట్.

గణుపుల మీద పడింది. మంట. వెనకాల తలనొప్పి మందు వాసన. చెవి దగ్గర, చాలా మెల్లగా, విసుగ్గా—

"వేళ్ళు చూడకు, ఇజ్రాయేలూ... తలెత్తు."

తలెత్తాడు. ఎత్తక చస్తాడా. వెనక్కి చూసే ధైర్యం లేదు, కిందికి చూసే ధైర్యం అసలే లేదు. చూడటానికి మిగిలింది విమానం ఒక్కటే. దాన్నే చూశాడు. విచిత్రం... వేళ్ళు వాటంతట అవే కదిలాయి. కుడి కావాల్సిన చోట కుడి, ఎడమ కావాల్సిన చోట ఎడమ. ఆ భయంలోనే అతను పల్టీ కొట్టించాడు, పక్కకు దొర్లించాడు, తలకిందులుగా ఒక చుట్టు తిప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అంత సంతోషం అతనికి తెలియదు.

గ్రౌండ్‌లో ఆటో లైటు వెలుగు పరుచుకుంది. విమానం అందులోకి దిగి, ఒకసారి గెంతి, ఆగింది.

ఇజ్రాయేల్ కళ్ళు మూసుకుని నిచ్చెన ఎలా దిగాడో, హాలు ఎలా దాటాడో అతనికే తెలియదు.

ఇంటి దగ్గర ప్రేమలీల విమానాన్ని ముక్కు నుంచి తోకదాకా తడిమి చూసింది. "పడలేదా?"

"పడలేదు."

ఆమె ఒక్క క్షణం అతని ముఖం చూసి, అప్పుడే సర్దుకున్న భోజనాల బల్ల మీంచి కంచాలు తీసి చోటిచ్చింది. తర్వాత అతని చెయ్యి పట్టుకుంది. నాలుగు గణుపుల మీదుగా, గీసినట్టు తిన్నగా ఒక ఎర్రటి చార.

"ఫ్యాను తగిలుంటది వదినా," అన్నాడు బిచ్చయ్య. "చప్పుడంటవా, అది పావురం. అన్న కండ్లార చూసిండు."

ఇజ్రాయేల్ కూడా అదే అయ్యుంటుందని తల ఊపాడు. ఫ్యాను. పావురం. ఆ మిషను తోసింది కూడా... గాలి అయ్యుంటుంది.

"ఇదేంటండీ?" అంది ప్రేమలీల.

రెండు రెక్కల మధ్య, పైలట్ బొమ్మ కోసం అతను ఖాళీగా ఉంచిన చిన్న సీట్లో, మడత పెట్టిన పచ్చబడ్డ కాగితం. విప్పింది. పైనుంచి కిందిదాకా ఏ ఎస్ డి ఎఫ్ వరసలు, ఒక్క తప్పు లేకుండా. అడుగున ఎర్ర పెన్సిలుతో, ఇజ్రాయేల్‌కు బాగా తెలిసిన రాత.

"లోయరు పాస్. హయ్యరుకు... రేపు రా."