శోభ సాంచ

భివండిలో శుక్రవారం కరెంటు బంద్. వారమంతా సాంచాల మోతలో హాయిగా నిద్రపోయే శాంతి నగర్ వాళ్లకు, ఆ ఒక్క పొద్దున మాత్రం మెలకువ తొందరగా వచ్చేస్తుంది. కరెంటు మగ్గాన్ని ఇక్కడి తెలుగువాళ్లు సాంచ అంటారు. సాంచాలన్నీ ఒక్కసారి ఆగితే గల్లీ గల్లీ ఊపిరి బిగబట్టినట్టుంటుంది. పిల్లలు కూడా మెల్లగా మాట్లాడతారు.

రామలింగం ఇంటి కిందే నాలుగు సాంచాల కార్ఖానా. శుక్రవారం పొద్దున్నే అతని తల్లి దుర్గవ్వ స్నానం చేసి కిందికి దిగుతుంది. మూలనున్న సాంచకు పసుపు కుంకుమ పెట్టి, దాని పక్కన గ్లాసుడు చాయ్ ఉంచి వస్తుంది. ఆ సాంచను ఒకప్పుడు ఆమె కూతురు శోభ నడిపేది. దూరం పోనని ఎంత ఏడ్చినా వినకుండా పెళ్లి చేసి సూరత్ పంపారు. ఏడాది తిరక్కుండానే కామెర్లు సోకి కన్నుమూసింది. వీళ్లు చేరేసరికి దహనం కూడా అయిపోయింది.

ఆ తర్వాత వచ్చిన మొదటి శుక్రవారం, తాళం వేసిన కార్ఖానాలో సాంచ నడుస్తున్న చప్పుడు దుర్గవ్వకు వినిపించింది. కొన్నాళ్లకు రామలింగానికీ వినిపించింది. శోభ తన సాంచ దగ్గరికి వచ్చేసిందని తల్లీ కొడుకులిద్దరూ నమ్మారు. ఇక దాని మీద ఎవరినీ నేయనివ్వలేదు. వినేవాళ్లకు నవ్వు రావచ్చు గానీ, ఆ చీకటి కార్ఖానాలో చాయ్ మీద మీగడ కట్టడం చూస్తూ నిలబడితే ఎంతటివాళ్లకైనా ఒళ్లు జలదరిస్తుంది.

రామలింగం భార్య అలివేలుకు మాత్రం ఏనాడూ ఏమీ వినపడలేదు. ఆమె పగలంతా వరాలా తలావ్ దగ్గర బ్లౌజులు కుట్టే దుకాణంలో ఉంటుంది.

ఈ శుక్రవారం ఇంట్లో ఇంకో సంగతి తేలాలి. కూతురు మేఘనకు నాగపూర్‌లో పశువుల డాక్టరు చదువుకు సీటు వచ్చింది. తబేలాలో బర్రె ఈనుతోందంటే బడి ఎగ్గొట్టి పరుగెత్తిన పిల్ల, ఆ చదువు తప్ప మరొకటి కోరలేదు. కళ్యాణ్‌లో బీఎస్సీ సీటు కూడా చేతిలో ఉంది, అక్కడైతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పొద్దుగూకేలోపు ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి.

కళ్యాణే ఖాయమని రామలింగం చాయ్ తాగుతూ తేల్చేశాడు. నాగపూర్‌లో హాస్టల్ ఉందనీ, రోజూ ఫోన్ చేస్తాననీ, ఇలాంటి సీటు మళ్లీ దొరకదనీ మేఘన బతిమాలింది.

"పొద్దుగాల సంది శోభ ఆగకుంట నేస్తుంది," అంది దుర్గవ్వ. "ఎందుకనుకుంటున్నవ్? నన్ను పంపినట్టు పిల్లను పంపకుండ్రి అంటుంది."

"నాకేం ఇనవడ్తలేదు అత్తమ్మా," అంది అలివేలు.

"నువ్వు కన్నవా దాన్ని, నీకు ఇనవడనీకి?"

అలివేలుకు కోపమొచ్చింది. కూతురైనా తన పక్క మాట్లాడుతుందని అటు తిరిగి, నీకు వినపడుతుందా చెప్పమని అడిగింది. మేఘన తల దించుకుని చెప్పింది.

"ఇనవడ్తది అమ్మా. రెండేండ్లయింది. భయమై ఎవ్వలకు చెప్పలే."

దుర్గవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. మనవరాలిని కూడా శోభ పిలుస్తోందంటే ఇంకేం కావాలి ఆమెకు. రామలింగం గ్లాసు కింద పెట్టి, ఇక ఈ ఇంట్లో నాగపూర్ మాట ఎత్తొద్దన్నాడు. సాంచ నిజంగా నడుస్తోందో లేదో చూద్దామని అలివేలు లేచి గోడకున్న తాళంచెవి తీసుకుంది.

నలుగురూ కిందికి దిగారు. కార్ఖానాలో నూలు దుమ్ము, నూనె వాసన. మూల సాంచ మీద సాలెగూడు ఎక్కడా చెదరలేదు. అలివేలు దాని మీద అరచెయ్యి ఆనించింది. ఇనుము చల్లగా ఉంది.

ఇప్పుడు కూడా వినపడుతోందా అని అడిగితే, వినపడుతోందని ముగ్గురూ అన్నారు. ఎదురుగా సాంచ కదలకుండా ఉంది. ముగ్గురూ దాని చప్పుడు వింటున్నారు.

అలివేలు కూతురి దగ్గరికి వెళ్లి, రెండు చెవులనూ అరచేతులతో గట్టిగా మూసింది. కొంచెంసేపు ఆగి తీసింది.

"తగ్గిందా?"

"లేదమ్మా. ఇంక ఎక్కువైంది."

"బయటి మోతయితే మూస్తే తగ్గాలె కదనే," అంది అలివేలు. "ఇది నీ చెవులల్లనే ఉంది బిడ్డా."

అప్పుడామెకు ఊయల గుర్తొచ్చింది. నేలమీద కూలబడింది. దుకాణం చూసుకోవాలని పసిపిల్లను అత్త చేతిలో పెట్టింది తనే. సాంచాల మోతకు పిల్లలు ఏడవకుండా పండుకుంటారని గల్లీలో అందరూ చేసినట్టే, రెండు సాంచాల నడుమ ఊయల కట్టారు. పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని అందరికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా.

"ఈ మోతల పెట్టి దీని చెవులు మనమే పాడు చేసినం," అంది భర్తతో. "పోయిన ఇనికిడి మళ్ల రాదు. మిగిలింది కూడ ఈడనే పోగొడదామా?"

రామలింగం తన చెవులు మూసుకుని చూశాడు. మోత తగ్గలేదు. చేతులు దించలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు కూడా. చివరికి, నాగపూరే ఖాయం చేయి బిడ్డా, అన్నాడు.

దుర్గవ్వ మాత్రం చేతులు చెవులదాకా తీసుకెళ్లి ఆపేసింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ ఆపేసింది. మూసుకుంటే ఏమవుతుందో ఆమెకు అప్పటికే తెలిసిపోయినట్టుంది. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని, చెవులూ మూసుకుంది.

మూసిన చెవుల్లో సాంచ ఇంకా గట్టిగా నడిచింది.

"మరి ఇన్నేండ్లు నేను ఎవలతోని మాట్లాడిన్నే అలివేలూ?" అంది, చేతులు దించకుండానే.

అలివేలు లేచి అత్తను పొదివి పట్టుకుంది. ముసలామె ఆ భుజం మీద తలపెట్టి, సూరత్ నుంచి కబురొచ్చిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని మనవరాలిని దగ్గరికి రమ్మని, ఆ పిల్ల చెవిని తడిమింది.

"పో బిడ్డా," అంది. "శోభ ఇనవడని కాడికి పో."