ఉత్తర ధ్రువంపై అభిప్రాయభేదాలు

సిద్ధార్థ్, లహరి మొదటిరోజే పోట్లాడుకున్నారు. పోట్లాట ఉత్తర ధ్రువం గురించి. పోట్లాడుకున్నది అబిడ్స్‌లో, బట్టల దుకాణం పై అంతస్తులో.

వాళ్ల ఆఫీసుకు ఉపగ్రహం రాడార్‌తో తీసిన చిత్రాలు వస్తాయి. అందులో ఏది మంచు, ఏది సముద్రం అని గుర్తుపెట్టాలి. చలికాలమైతే ఎవరైనా చేస్తారు. ఎండాకాలంలో మంచు మీదే నీళ్లు మడుగులు కడతాయి. రాడార్‌కు మడుగూ సముద్రమూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒక్కో చిత్రాన్ని ఇద్దరు విడివిడిగా చూస్తారు. తేడా వస్తే పక్కపక్కన కూర్చుని తేల్చుకోవాలి. అది ఆఫీసు రూలు.

“ఇది మడుగండీ. చుట్టూ మంచే, కనబడట్లేదా?” అంది లహరి. వాళ్ల తాతగారు బందరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు.

“నాకైతే సముద్రమే అనిపిస్తుంది మేడమ్,” అన్నాడు సిద్ధార్థ్. వాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం.

“కళ్లద్దాలు పెట్టించుకోండి.”

తేల్చుకునేసరికి సాయంత్రమైంది. సిద్ధార్థ్‌కు ఆ సాయంత్రం చాలా నచ్చింది. మర్నాటి నుంచి మడుగులన్నిటినీ కావాలనే సముద్రం చేశాడు. లహరి రోజూ పక్కన కూర్చుని తిట్టేది. అతను శ్రద్ధగా వినేవాడు.

మేనేజర్ రాజనర్సు పిలిచాడు. “ఏంది సిద్ధార్థ్, గిన్ని తప్పులా? ఇంకోపారి గిట్లనే చేస్తే పొలాల సెక్షన్‌ల ఏస్త. గాడ ఒక్కనివే కూసొని వరి, పత్తి చూసుకో.”

తప్పు చేస్తే లహరికి దూరంగా పంపేస్తారు. చేయకపోతే ఆమె పక్కన కూర్చునే పనే ఉండదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కనీసం ఒకే గదిలో ఉండొచ్చని మర్నాడు అన్నీ సరిగ్గా గుర్తుపెట్టాడు. చాలా దుఃఖంతో పెట్టాడు.

సాయంత్రం కంప్యూటర్ ఇద్దరి పనినీ పోల్చింది. తేడాలు ఎప్పటికంటే ఎక్కువొచ్చాయి.

అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. బయట వాన దంచుతోంది.

“గిది మడుగే గద మేడమ్?”

“అవును.”

“మరి సముద్రమని పెట్టిన్రు?”

“పెట్టాను.” లహరి తెర మీంచి చూపు తిప్పలేదు. “నిన్న రాజనర్సు గారి కేకలు నాకూ వినిపించాయి. ఇవాళ నువ్వు బుద్ధిగా పనిచేస్తావని తెలుసు. ఒకరైనా తప్పు చేయాలి కదా?”

సిద్ధార్థ్ తెర వదిలి ఆమె వైపు తిరిగాడు.

“నువ్వంటే నాకు మస్తు ఇష్టం లహరీ.”

“నాకూ ఇష్టమే. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “మొజంజాహీ మార్కెట్లో పక్కపక్కన కూర్చోడానికి ఏ రూలూ అక్కర్లేదు. ఐస్‌క్రీమ్ తిని, నాంపల్లి మెట్రో దాకా నడుద్దాం.”

సిద్ధార్థ్ గబుక్కున లేచాడు.

“కూర్చో. ముందు ఈ మడుగులు సరిచేయాలి.”

కూర్చున్నాడు. ఒక్కదాని మీదా తగాదా రాలేదు. అయినా ఎందుకో చాలాసేపు పట్టింది.